స్టార్టర్ డబ్బా ఏం చూస్తుంది, ఏం చూడదు: బోరు మోటరు కాలకుండా చేసుకునే తనిఖీ

బోరులో దింపే మోటరు లోపలి సూత్రం పెద్దగా మారలేదు. మూడు ఫేజుల ఇండక్షన్ మోటరుకు 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ ఇచ్చిన రూపమే ఇవాళ్టికీ దేవరకొండ బత్తాయి తోటలో, నాగర్‌కర్నూల్ పల్లి చేలో తిరుగుతున్నది. మారిందల్లా ఒడ్డు మీది రేకు డబ్బా. మొదట మెయిన్ స్విచ్చూ ఫ్యూజులే ఉండేవి. తర్వాత ఆకుపచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ వచ్చింది. ఆ మీద ఒక ఫేజు పోతే మోటరును ఆపాల్సిన ప్రివెంటర్, కరెంటు రాగానే తానే మోటరు వేసే ఆటో స్టార్టర్, ఇప్పుడు ఫోనుతో నడిచే సిమ్ స్టార్టర్. ఒక్కొక్కటీ ముందుదాని జబ్బుకు మందుగా వచ్చి, తన జబ్బు తాను తెచ్చుకుంది. డబ్బాలో సామాను పెరిగినా మోటర్లు కాలడం ఆగకపోవడానికి కారణం చాలాసార్లు సామాను నాసిరకం కావడం కాదు. ఏ పరికరం దేన్ని కొలుస్తుందో చూడకుండా బిగించడం.

ఇక్కడ లెక్కలన్నీ 5 హెచ్‌పీ మూడు ఫేజుల సబ్‌మెర్సిబుల్‌కు, అది నడిచేటప్పుడు 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకొని వేసినవి. మీ మోటరు అంకె దాని పేరు పలక మీద ఉంటుంది. మోటరు బోరులో ఉంటే పలక కూడా అందులోనే ఉంటుంది కాబట్టి, దింపే రోజే ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి.

చెయ్యి పెట్టే ముందు

తీగ చుట్టూ దవడలా పట్టి ఆంపియర్లు చూపే టాంగ్ టెస్టర్ ఒకటి, ఇన్సులేషన్ ఉన్న స్క్రూ డ్రైవర్ ఒకటి, టెస్ట్ ల్యాంపు ఒకటి కావాలి. రెండు ఫేజుల మధ్య 415 ఓల్టులు ఉంటాయి. ఒక్క బల్బు పెడితే పగులుతుంది. ఒకే వాటేజీ బల్బులు రెండు సిరీస్‌లో కలుపుకోవాలి. మెయిన్ ఆఫ్ చేశాక కూడా ల్యాంపుతో మూడు ఫేజులూ చూసి, ప్రతి ఫేజు నుంచి ఎర్త్‌కూ చూసి, అప్పుడే వేలు పెట్టాలి. మెయిన్ స్విచ్చులో ఒక బ్లేడు ఊడిరాకుండా పాయింటుకు అతుక్కుని ఉండిపోవడం అరుదేం కాదు. పొలంలో నీళ్లు పారుతుంటే ఆ రోజు డబ్బా తెరవకండి. కెపాసిటర్ ఉంటే ఆఫ్ చేశాక కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. దాని టెర్మినళ్ల మీద ల్యాంపు పెట్టి, వెలగకపోతేనే ముట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు, స్తంభం మీది ఏబీ స్విచ్చు మీ పని కాదు. దానికి లైన్‌మన్ ఉన్నాడు, కరెంటు ఫిర్యాదుల 1912 నంబరు ఉంది.

మూడు అంకెలు తీసుకోవడం

మోటరు వేసి పది నిమిషాలు పోయాక, నీళ్లు నిలకడగా పోస్తున్నప్పుడు, బోరులోకి పోయే మూడు తీగల మీద విడివిడిగా టాంగ్ టెస్టర్ పెట్టి ఆంపియర్లు రాయండి. మూడూ ఒకేసారి దవడలో పెడితే సున్నా చూపిస్తుంది. తొందరలో ఆ పొరపాటు చేసి మీటరు పాడైందనుకునేవారు ఉన్నారు.

8.0, 8.6, 7.4 వచ్చాయనుకోండి. సగటు 8.0. సగటుకు అన్నిటికన్నా దూరమున్న అంకె తేడా 0.6. అంటే 7.5 శాతం. ఐదు శాతం లోపుంటే బాగున్నట్టు. పది దాటితే మోటరు నడపకూడదు. మధ్యలో ఉంటే కారణం వెతకాలి. ఓల్టేజీలో ఒక శాతం తేడా ఉంటే ఆంపియర్లలో అది ఆరు నుంచి పది రెట్లుగా కనిపిస్తుంది. అందుకే ఓల్ట్ మీటరు మూడు ఫేజుల మధ్య 410, 415, 408 చూపించి "అంతా బాగానే ఉంది" అన్నట్టు కనబడ్డా, మోటరు లోపల ఒక ఫేజు మీద ఎక్కువ బరువు పడుతూ ఉండొచ్చు.

తప్పు లైనుదా, మోటరుదా? బోరులో నుంచి మోటరు ఎత్తకుండానే తెలుసుకునే దారి ఒకటుంది. మెయిన్ ఆఫ్ చేసి, స్టార్టర్ కింది మూడు తీగలను ఒక్కో చోటు జరపండి. మొదటి చోట ఉన్నది రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది మొదటిదానికి. మూడింటినీ ఒకే వరుసలో జరిపితే మోటరు తిరిగే దిక్కు మారదు. రెండింటినే అటూ ఇటూ మారిస్తే మారుతుంది, అది గుర్తుంచుకోండి. మళ్లీ అంకెలు తీయండి. ఇంకోసారి జరిపి మూడోసారి తీయండి. ఎక్కువ అంకె ఎప్పుడూ డబ్బాలోని అదే ఫేజు దగ్గర కనబడితే తప్పు లైనుది: ట్రాన్స్‌ఫార్మర్, వదులు జంపరు, ఫ్యూజు పట్టు. ఎక్కువ అంకె అదే తీగను పట్టుకొని దానితోపాటు జరుగుతూ పోతే తప్పు కేబులుది, జాయింటుది లేదా వైండింగుది. మోటరు ఎత్తించే కూలీ, పైపులు విప్పే రోజంతా పని, ఈ అరగంట తనిఖీతో చాలాసార్లు తప్పుతుంది. మూడు వరుసల్లో నీళ్లు ఎక్కువ పోసి, తేడా తక్కువ ఉన్న వరుసనే ఉంచేయండి.

రిలే: దానికి చూపు ఉంది, కానీ కళ్లకు గంతలు కట్టేది మనమే

బటన్ నొక్కగానే మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కింద ఉండే ఓవర్‌లోడ్ రిలేలో మూడు లోహపు పట్టీలు ఉంటాయి. ఆంపియర్లు పెరిగితే వేడెక్కి వంగి మోటరును ఆపుతాయి. దాని మీద చిన్న చక్రం, అంకెలు ఉంటాయి. నేరుగా స్టార్ట్ అయ్యే స్టార్టర్‌లో ఆ చక్రం మోటరు ఫుల్ లోడ్ అంకె (పలక మీది ఆంపియర్లు) మీద ఉండాలి. రెండు అంచెల్లో స్టార్ట్ అయ్యే స్టార్-డెల్టా అయితే రిలే ఏ చోట కట్టారో చూడాలి. వైండింగు వైపు తీగల్లో ఉంటే ఫుల్ లోడ్ అంకెలో 58 శాతం మీద పెట్టాలి.

జరిగేది వేరు. ఎండాకాలంలో మోటరు రెండుసార్లు ట్రిప్ అవుతుంది, ఎవరో చక్రాన్ని పైకి తిప్పుతారు. మళ్లీ ట్రిప్ అయితే ఇంకొంచెం. లేదా దుకాణంలో 6-10 ఆంపియర్ల రిలే లేదని 9-15ది ఇస్తారు. 8 ఆంపియర్ల మోటరుకు ఆ రిలేలో చక్రం ఎక్కడ పెట్టినా తప్పే. దాని చక్రం 14 మీద ఉందనుకోండి. నడుస్తున్న మోటరుకు ఒక ఫేజు పోతే మిగిలిన రెండూ దాదాపు 1.73 రెట్లు లాగుతాయి. 8ని 1.73తో గుణిస్తే 13.8. రిలే 14 కోసం ఎదురుచూస్తుంది, మోటరు 13.8 దగ్గర కాలుతుంది. వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ రెండు ఫేజుల వైండింగుల్లో మామూలుకన్నా మూడింతల వేడి. పైగా నీటితో నిండే మోటరులో తీగకు ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఒడ్డు మీది మోనోబ్లాక్‌లోని వార్నిష్ తీగ ఓర్చినంత వేడిని అది ఓర్చదు.

అదే రిలే 8 మీద ఉంటే 13.8 దాని అంకెకు 1.7 రెట్లు. కొద్ది నిమిషాల్లోనే పడిపోతుంది. కాబట్టి ప్రివెంటర్ కొనే ముందు, ఖర్చు లేని పని ఇది: చక్రం చూడండి.

ట్రిప్ అయిన రిలేను వెంటనే రీసెట్ చేసి వేయడం ఇంకో అలవాటు. పట్టీ చల్లారడానికి, దాంతోపాటు మోటరు చల్లారడానికి పది నిమిషాలైనా ఇవ్వాలి.

ప్రివెంటర్ రెండు రకాలు, ఒకటి సగం గుడ్డిది

సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అంటే ఒకటే అనుకుంటాం. ఒక రకం ఓల్టేజీని చూస్తుంది, రెండో రకం కరెంటును, అంటే ఆంపియర్లను చూస్తుంది. చౌకగా దొరికేది ఎక్కువగా మొదటిది.

ఓల్టేజీ రకానికి రెండు లోపాలు. మొదటిది, అది డబ్బాలోకి వచ్చే తీగల మీద కాపలా ఉంటుంది. ఫేజు దాని తర్వాత పోతే, అంటే కాంటాక్టర్ పాయింటు కాలి, లేదా బోరులో జాయింటు ఊడి పోతే, దాని కంటికి మూడూ వస్తున్నట్టే. రెండోది ఇంకా చిత్రం. నడుస్తున్న మోటరుకు ఒక ఫేజు లైనులో పోయినా, తిరుగుతున్న మోటరు ఆ పోయిన ఫేజులో తనంతట తానే ఓల్టేజీ పుట్టిస్తుంది. అసలుకు దగ్గరగానే ఉంటుంది. డబ్బాలో కెపాసిటర్ ఉంటే ఇంకా నిలకడగా కనబడుతుంది. ప్రివెంటర్ మూడు ఫేజులూ ఉన్నాయని నమ్మి ఊరుకుంటుంది. ఆగి ఉన్న మోటరును స్టార్ట్ కాకుండా ఆపగలిగే ఈ పెట్టె, నడుస్తున్న మోటరును ఆపలేకపోవడానికి కారణం ఇదే.

కాంటాక్టర్ కాయిల్ కూడా ఒక చిన్న ప్రివెంటరే. అది రెండు ఫేజుల మధ్య ఉంటుంది. ఆ రెండింటిలో ఒకటి లేకపోతే స్టార్ట్ బటన్ నొక్కినా పట్టదు. మూడోది లేకపోతే మాత్రం పట్టేస్తుంది, మోటరు గుంయ్‌మని మూలుగుతుంది కానీ తిరగదు.

మీ దగ్గర ఉన్నది ఏ రకమో పెట్టె మీద రాసింది చదివే బదులు పరీక్షించండి. మెయిన్ ఆఫ్ చేసి, డబ్బాకు ముందున్న ఫ్యూజు ఒకటి తీసి, మెయిన్ వేసి ఆకుపచ్చ బటన్ నొక్కండి. మోటరు పట్టకూడదు. మూడు ఫ్యూజులతో మూడుసార్లు చేయాలి, ఎందుకంటే కాయిల్ వల్ల రెండుసార్లు ఎలాగూ పట్టదు. ప్రివెంటర్ పనితనం తేలేది మూడోసారే. ఇది నెగ్గితే రెండో పరీక్ష. ఫ్యూజులన్నీ పెట్టి, మెయిన్ ఆఫ్ చేసి, ఈసారి స్టార్టర్ కింద మోటరుకు పోయే తీగ ఒకటి విప్పి, కొసకు టేపు చుట్టి దూరంగా ఉంచండి. మెయిన్ వేసి బటన్ నొక్కండి, ఇంకో చెయ్యి ఎర్ర బటన్ మీదే ఉండాలి. కరెంటు రకం అయితే రెండు మూడు సెకన్లలో ఆపేస్తుంది. ఐదు లెక్కపెట్టేలోగా ఆగకపోతే ఎర్ర బటన్ నొక్కేయండి. మీది ఓల్టేజీ రకం. ఈ పరీక్ష వెంటవెంటనే చేయొద్దు. తిరగని మోటరు మామూలుకన్నా ఐదు రెట్లు లాగుతుంది.

కాలిన మోటరును వైండింగుకు ఇచ్చినప్పుడు పాత తీగ పీకేయకముందే స్టేటర్ చూడండి. మూడు చుట్ల కొసలు ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల చుట్లు నల్లబడి ఒకటి కొత్తగా మెరుస్తుంటే ఫేజు పోయి కాలింది. చుట్లను ముక్కోణంలా కలిపే డెల్టాలో తిరగేసి ఉంటుంది: ఒకటి నల్లన, రెండు బాగు. మూడూ ఒకే తీరుగా మాడితే లో ఓల్టేజీ, బరువు ఎక్కువ, లేదా నీళ్లు లేక తిరిగింది. ఒక్కచోట చిన్న మచ్చలాగా కాలి మిగతాదంతా బాగుంటే తీగ పూత దెబ్బతిన్నది. అది పిడుగు కావొచ్చు, వైండింగు పనితనం కావొచ్చు. ఈ చూపు లేకుండా వైండింగు చేయిస్తే అదే కారణంతో అదే మోటరు మళ్లీ కాలుతుంది.

నీళ్లు తగ్గే బోరు

మన దగ్గర బోర్లు ఎక్కువగా గ్రానైటు రాతిలోని పగుళ్ల మీద ఆధారపడ్డవి. యాసంగి చివరకు ఆగి ఆగి పోస్తాయి. సబ్‌మెర్సిబుల్ బేరింగులకు నీరే నూనె, నీరే చల్లదనం. నీళ్లు లేక తిరిగితే ఆంపియర్లు పెరగవు, తగ్గుతాయి. అందుకే ఓవర్‌లోడ్ రిలే దీన్ని ఎన్నడూ పట్టదు. 8 లాగే మోటరు 5 దగ్గరకు పడిపోయిందంటే పైపులో నీళ్లు లేవన్నమాట. డ్రై రన్ ప్రివెంటర్‌ను మామూలు అంకెలో 80 శాతం దగ్గర, ఇక్కడ 6.4 మీద పెట్టండి. నీళ్లు నిండుగా ఉన్న వానాకాలంలో తీసిన అంకెతో కాదు, బోరు సాధారణంగా పోసే రోజుల్లో తీసిన అంకెతో లెక్కించాలి.

మళ్లీ స్టార్ట్ అయ్యే టైమరు కొట్లో పెట్టిన పది నిమిషాల మీదే ఉండిపోతుంది. బోరు ఎన్ని నిమిషాలు పోసి ఆగుతుంది, ఎంత సేపటికి ఊరుతుంది, ఒక రోజు గడియారం పెట్టి చూడండి. ఊట గంటకు వస్తే టైమరు గంట మీద. లేదంటే రోజుకు ముప్పైసార్లు స్టార్ట్ అయి కాంటాక్టర్ పాయింట్లు తినేస్తుంది.

టైమరు కన్నా మంచి మందు గేట్ వాల్వు. నీళ్లు ఎంత ఊరుతున్నాయో అంతే పోసేలా కొద్దిగా బిగించండి. ఈ రకం పంపుకు వాల్వు బిగిస్తే ఆంపియర్లు కొంత తగ్గుతాయి, పెరగవు. వాల్వు బిగించాక డ్రై రన్ అంకె మళ్లీ సరిచేసుకోవాలి. పూర్తిగా మూసేసి మాత్రం నడపొద్దు, మోటరు చల్లబడదు.

ఆపిన వెంటనే మళ్లీ వేయడం ఇంకో ప్రమాదం. నాన్ రిటర్న్ వాల్వు కారుతుంటే పైపులోని నీరు కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతుంది. ఆ క్షణంలో బటన్ నొక్కితే షాఫ్టు మీద రెండు వైపుల నుంచీ మెలి పడుతుంది. ఐదు నిమిషాలు ఆగండి.

ఆటో స్టార్టర్ లెక్క

రాత్రి ఏ వేళకో కరెంటు వచ్చిపోయే కాలంలో, చీకట్లో పొలం దాకా నడవలేక ఆటో స్టార్టర్ వచ్చింది. అది పాములనూ తేళ్లనూ తప్పించింది, ట్రాన్స్‌ఫార్మర్లను చంపింది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటర్లు నాలుగైతే సరిగ్గా సరిపోతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కో మోటరు ఆరు రెట్లు, దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు రాగానే నాలుగూ ఒక్కసారి లేస్తే 200. ఓల్టేజీ కుంగుతుంది, మోటర్లు వేగం అందుకోలేవు, ఆ 200 తగ్గకుండా నిలిచిపోతుంది. ఫ్యూజు పోతే అదృష్టం.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యాక ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రచారం జరిగింది ఇందుకే. నీళ్లు అక్కర్లేకున్నా అది బోరును తోడుతూనే ఉంటుంది, అది రెండో కారణం. ఉంచుకోక తప్పదంటే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు కూర్చుని టైమర్లు పంచుకోండి. ఒకరిది రెండు నిమిషాలు, తర్వాతివారిది నాలుగు, ఆరు, ఎనిమిది. టైమరు ధర వైండింగు ఖర్చు ముందు లెక్కలోది కాదు. కష్టమల్లా నలుగురినీ కూర్చోబెట్టడమే.

కెపాసిటర్

మోటరు లైను నుంచి లాగే కరెంటును తగ్గించేది ఇది. దాని సైజు కేవీఏఆర్‌లలో చెబుతారు: 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్, 3కు 1, 10కి 4. కాంటాక్టర్ తర్వాత, మోటరు వైపు కట్టాలి, మోటరుతోపాటే ఆగాలి. రిలే కింద కడితే రిలేలోంచి పోయే కరెంటు తగ్గుతుంది. మన 8 ఆంపియర్లు అక్కడ 6.7 దగ్గరకు దిగుతాయి. చక్రాన్నీ, డ్రై రన్ అంకెనూ డబ్బాలో ఆ చోట కొలిచిన దాని ప్రకారం సరిచేయాలి. చేయకపోతే కెపాసిటర్ పెట్టడమే రిలేను గుడ్డిచేస్తుంది. రెండు ఫేజుల కరెంటు మీద మోటరు నడపడానికి పెట్టే కండెన్సర్ల సంగతి వేరు. అవి మోటరును తిప్పుతాయి, కాల్చేవీ అవే.

కేబులు, ఫ్యూజు, ఎర్త్

600 అడుగుల బోరు, ఒడ్డు నుంచి డబ్బాకు ఇంకో 50 మీటర్లు, కలిపి సుమారు 230 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులులో 8-9 ఆంపియర్ల దగ్గర 20 ఓల్టులకు పైన పోతుంది. 4 అయితే 14 లోపే. స్టార్ట్ అయ్యేటప్పుడు ఈ నష్టం ఇంకెంతో పెద్దది. సాయంత్రం 370 ఉండే ఊళ్లో 2.5 కేబులుతో మోటరు మూలుగుతుందంటే తప్పు మోటరుది కాదు.

ఫ్యూజుకు ఈ మోటరుకు 0.6 మిల్లీమీటర్ల తగరపు పూత రాగి తీగ, 20 ఆంపియర్లది చాలు. కేబులు ముక్కలోంచి పీకిన నాలుగు పోగులు పెడితే అది ఫ్యూజు కాదు, తీగ.

డబ్బా రేకుకు, మోటరుకు ఎర్త్ ఉండాలి. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు రెండున్నర మీటర్లు నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, జీఐ తీగతో బోల్టు బిగించాలి. ఎర్ర చెల్కల్లో ఏప్రిల్ నాటికి ఆ గుంత ఎండిపోతుంది. పైపులో వారానికి ఓసారి రెండు బిందెల నీళ్లు పోయండి. తీగను డబ్బాకు ఒకసారి చుట్టి వదిలేసిన ఎర్త్‌లో తుప్పే మిగులుతుంది.

మోటరు ఎత్తినా, దింపినా తీగ పూత ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్‌తో చూపించండి. 500 ఓల్టుల మెగ్గర్ మీద తీగకు, ఎర్త్‌కు మధ్య బోరులో ఉన్న మోటరు అర మెగోమ్ పైన చూపాలి, కొత్తది రెండుకు తగ్గకూడదు. అర మెగోమ్ కిందికి వస్తే తడి లోపలికి పోతున్నదని. దింపే ముందు మోటరులో మంచినీళ్లు నింపాలి, గాలి బుడగలు పోయేదాకా ఊపి మళ్లీ నింపాలి. ఈ పని మర్చిపోయిన మోటరు మొదటి వారమే వస్తుంది పైకి.

సిమ్ స్టార్టర్ పెట్టేవారికి

సౌకర్యమే, సందేహం లేదు. నాలుగు విషయాలు మాత్రం. యాంటెన్నా రేకు డబ్బా లోపల ఉంటే సిగ్నల్ అందదు, కర్ర మీద బయటికి తీయండి. మాడ్యూల్ 2జీదైతే 4జీ మాత్రమే ఇచ్చే సిమ్ అందులో పలకదు, కొనే ముందే అడగండి. రీచార్జి గడువు తేదీ డబ్బా మీదే రాయండి. నాలుగోది ముఖ్యం: ఫోనులో "ఆన్" అని వచ్చేది దేన్ని చూసి? కొన్ని కాంటాక్టర్ పట్టిందని చెబుతాయి, అంతే. మూడు ఫేజుల ఆంపియర్లూ అంకెలుగా పంపేదే తీసుకోండి. బోరు తీగ విప్పి చేసిన పైన చెప్పిన పరీక్ష దీనికీ పెట్టాలి.

చివరి పని తలుపు లోపలి వైపు. మోటరు హెచ్‌పీ, పలక మీది ఆంపియర్లు, కేబులు మందం, ఎన్ని పైపులు దింపారు, రిలే అంకె, డ్రై రన్ అంకె, మూడు ఫేజుల రీడింగులు తేదీతో. మామూలు పెన్నుతో రాస్తే ఒక వానాకాలానికి కారిపోతుంది, పెయింట్ మార్కరుతో రాయండి. ఆర్నెల్లకోసారి రీడింగుల కింద కొత్త వరుస చేరాలి.